రాళ్ల లోయలో అతిథి

గ్వాడలహారా. 2023 ఫిబ్రవరిలో మా శిష్యుడొకడు ఫోను చేసి తాను ఉన్న ఊరి పేరు చెప్పినప్పుడు, అది మా చెవికి పరాయి మాటగా తోచలేదు. విడదీసి పలికి చూడగా అది మా పాఠ్యగ్రంథాల భాషేనని తెలిసింది. వాదీ అల్ హిజారా. రాళ్ల లోయ. స్పెయిను దేశంలో ముస్లిముల పాలన సాగిన కాలంలో ఒక పట్టణానికి నిలిచిన పేరు అది. ఆ పట్టణంలో పుట్టిన నూన్యో దె గుస్మాన్ అనే సేనాని పదహారవ శతాబ్దంలో సైన్యంతో మెక్సికోకు రాగా, అతని జన్మస్థలం పేరే అక్కడి కొత్త ఊరికీ పెట్టారు. 1542లో ఇప్పుడున్న చోట స్థిరపడిన ఆ ఊరు నేడు మెక్సికోలోని మహానగరాలలో ఒకటి.

ముదిగుబ్బలో కూర్చుని ఆ పేరు విన్న మాకు నవ్వు వచ్చింది. రాళ్ల లోయ అనిపించుకునే హక్కు మా మండలానికి ఉన్నంతగా మరే ఊరికి ఉంటుంది? "బాబూ, నీవు ఎక్కడికీ పోలేదు, మన ఊరిలోనే ఉన్నావు" అన్నాము. అతడు నవ్వలేదు. "హజ్రత్, ఒక మసలా అడగాలి" అన్నాడు.

మసలా చెప్పేముందు అతని సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. తండ్రి మా మసీదు వెనుక వీధిలోని రైతు. నాలుగెకరాల మెట్ట, ఏటా చెనక్కాయ పంట, ఎండిపోయిన మూడు బోర్లు. పిల్లవాడు బడికి వెళ్లేముందు రోజూ ఉదయం మా మదరసాకు వచ్చి ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్నాడు. అనంతపురంలో ఇంజనీరింగు చదివి, పొలం మీద అప్పు తెచ్చుకుని అమెరికా వెళ్లి ఎమ్మెస్ పూర్తి చేసి, టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగంలో చేరాడు. అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి కాగితం మీద ఆ దేశంలోనే వస్తుంది గాని, పాస్‌పోర్టులో అతికించే వీసాను మాత్రం దేశం వెలుపలికి వెళ్లి తెచ్చుకోవాలి. మన పిల్లలు దీనిని స్టాంపింగు అంటారు. కరోనా తరువాతి సంవత్సరాలలో భారతదేశంలో ఆ ఇంటర్వ్యూకు తేదీ దొరకడమే గగనమయింది. అందుచేత ఎందరో తెలుగు యువకులు పొరుగునే ఉన్న మెక్సికోకు వెళ్లి ఆ పని ముగించుకుని వచ్చేవారు. ఎవరైనా తమ స్వదేశంలోనో, నివాసమున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ప్రకటించిన తరువాత ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. అప్పటికింకా తెరిచే ఉన్నది.

పది రోజులలో తిరిగి వస్తానని యజమానికి చెప్పి, నాలుగు జతల బట్టలతో వెళ్లాడు. ఇంటర్వ్యూలో అన్నీ అడిగి, చివరకు ఒక చీటీ చేతిలో పెట్టారు. దానిని 221(జి) అంటారట. ఇంకా పరిశీలించవలసింది ఉన్నదని దాని భావం. ఎన్నాళ్లని అందులో ఉండదు. వారం పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. పాస్‌పోర్టు వారి వద్దనే ఉండిపోయింది. ఉద్యోగం జీతం లేని సెలవుగా మారింది. ముందుకు పోవడానికి వీసా లేదు. దరఖాస్తు విరమించుకుని ఇంటికి వస్తే పొలం మీది అప్పు ఎదురుగా నిలబడి ఉన్నది.

గ్వాడలహారాలో 2007 నుండి టి.సి.ఎస్. వంటి మన దేశపు సాఫ్ట్‌వేర్ సంస్థలు పని చేస్తున్నందున అక్కడ తెలుగువారు కనబడతారు. ముదిగుబ్బ ఉన్నత పాఠశాలలో మా శిష్యునితో ఒకే బల్ల మీద కూర్చుని చదివిన మిత్రుడొకడు అక్కడే ఉద్యోగి. హిందూ సోదరుడు. తండ్రి లేడు, తల్లి మా ఊరిలోనే ఉంటుంది. అతడూ, ప్రొద్దుటూరు యువకుడొకడూ, నెల్లూరు యువకుడొకడూ కలిసి రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నారు. చీటీ అందిన సాయంత్రమే ఆ మిత్రుడు హోటలుకు వచ్చి పెట్టె తీసుకుని నడిచాడు. ముందు గదిలోని సోఫా మా శిష్యునికి పడక అయినది.

ఇక మసలా. "హజ్రత్, నేను ముసాఫిర్‌నా, ముఖీమ్‌నా? నమాజు ఖస్ర్ చేయాలా, పూర్తిగా చేయాలా?"

ప్రశ్న చిన్నదే. మేము అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, ఒక ఊరిలో పదిహేను రోజులో అంతకు మించో ఉండాలని సంకల్పించినవాడు ముఖీమ్, అంటే స్థిరంగా ఉన్నవాడు. అతడు నాలుగు రకాతుల నమాజును పూర్తిగా చేయాలి. అంతకన్న తక్కువ సంకల్పించినవాడు ప్రయాణికుడు. రెండు రకాతులు చేస్తే చాలు. రేపు పోతాను, ఎల్లుండి పోతాను అనుకుంటూనే ఆగిపోయినవాని మాట ఏమిటి? అతడు ఎన్ని నెలలు గడిచినా ప్రయాణికుడే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు దారులు మూసివేయగా ఆరు నెలలు చిక్కుకుని, ఆ ఆరు నెలలూ ఖస్ర్ చేసినట్లు ఉల్లేఖనం ఉన్నది. మేము ఈ పాఠాన్ని ఎన్నోసార్లు చెప్పి ఉంటాము. మంచు ఎరుగని అనంతపురం పిల్లలకు అది చెప్పడం కష్టం. ఎండాకాలంలో మంచుగడ్డల బండిని చూపి నవ్వించి ముందుకు పోయేవారము. ఇప్పుడు ఒక పిల్లవాడు నిజంగానే ఆ మంచులో చిక్కుకుని ఫోను చేశాడు. "నీవు ముసాఫిర్‌వే. చీటీ తేలేదాకా ఖస్ర్ చెయ్యి" అన్నాము. ఆ జవాబులో తప్పు లేదు.

ఆ తరువాత దాదాపు రోజూ మాట్లాడేవాడు. గడియారంలో మా ఊరికీ ఆ ఊరికీ పదకొండున్నర గంటల దూరం. మేము ఇషా నమాజు ముగించుకుని మంచం వాల్చే వేళకు అక్కడ ఉదయం తొమ్మిది. మిత్రులు పనికి కూర్చునేవారు, ఇతనికి పని ఉండేది కాదు. కాలినడకన ఊరు తిరిగేవాడు. తిరిగినదంతా మాకు చెప్పేవాడు.

ఖిబ్లా సంగతి మొదట తేల్చవలసి వచ్చింది. పటం పరిచి చూస్తే మక్కా, గ్వాడలహారా రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 21 డిగ్రీల దగ్గర ఉన్నాయి. కనుక నేరుగా తూర్పు అనుకున్నాడు. భూమి గుండ్రనిది కదా, దగ్గరి దారి వంపు తిరిగి పోతుంది. లెక్క వేస్తే ఈశాన్యం తేలింది. మా ఊరిలో పుట్టినప్పటి నుండి పడమటి దిక్కుకు నిలబడినవాడు అక్కడ ఈశాన్యానికి నిలబడి, మొదటి రోజున తక్బీర్ చెప్పడానికే తడబడ్డానని చెప్పాడు.

నాగజెముడును అక్కడ కూర వండుకుంటారట. ముళ్లు గీకివేసిన ఆకుమట్టలను సంతలో కుప్పలు పోసి అమ్ముతారట. ఆ దేశపు జెండా మీద ఉన్నది కూడా అదే మొక్క. మా పొలాల గట్ల మీద దాని పండ్లు తిని నోళ్లు ఎర్రగా చేసుకున్న బాల్యం మాది. తినే కూర మాత్రం కాదు. రైలు కట్ట వెంబడి మనము నార తీసి పగ్గాలు పేనుకునే కిత్తనార జాతిది అక్కడ మైళ్ల కొద్దీ సాగు. దాని నుండి మద్యం తీస్తారు. ఆ సంగతి చెప్పి, "మనవాళ్లకు తెలియకపోవడమే మేలు హజ్రత్" అన్నాడు. జొన్నరొట్టెలాగే వారికి మొక్కజొన్న రొట్టె. గింజలను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి చేస్తారు. చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు కలుపుతారని తెలిసి, ఆ కొవ్వు లేకుండా కావాలని అడగడమే అతడు నేర్చుకున్న మొదటి స్పానిష్ వాక్యం అయినది. మిరపకాయ, టమాట ఆ దేశం నుండే లోకమంతటికీ పోయాయని అతడు చెప్పాడు. ఇక మా జిల్లా ప్రాణమైన చెనక్కాయ కూడా ఆ ఖండపు దక్షిణ భాగం నుండి వచ్చినదే. వచ్చిన అతిథి మళ్లీ పోలేదు.

మాటల విషయం మాకు మరింత ఆసక్తి కలిగించింది. స్పెయినులో ఎనిమిది వందల సంవత్సరాల ముస్లిముల ఉనికి ఆ భాషలో మిగిల్చిన అరబీ పదాలు మెక్సికో సంతలో వినబడతాయి. చక్కెర వారికి అసూకర్, మన సుక్కర్. నూనె వారికి అసేయితే. మన జైతూన్ మాటకు మూలమైన జైత్. నీటి తొట్టి అల్హీబే, అది జుబ్. యూసుఫ్ అలైహిస్సలామ్‌ను అన్నలు పడవేసిన బావికి ఖుర్ఆన్‌లో ఉన్న మాట అదే. దిండు అల్మోఆదా, అరబీలో మిఖద్ద. అన్నిటికన్న మించినది ఓహలా. ఏదైనా జరగాలని కోరుకునేటప్పుడు క్రైస్తవులైన ఆ ప్రజలు రోజుకు పదిసార్లు అనే ఈ మాటలో అల్లాహ్ సంకల్పం అన్న అరబీ పలుకు దాగి ఉన్నది. వీసా సంగతి విన్న ప్రతివారూ అతనితో ఓహలా అనేవారట.

మరొక విచిత్రం చెప్పాడు. మెక్సికో వారు తమ ఇంటిని గురించి చెప్పేటప్పుడు "మీ ఇల్లు" అంటారు. సంతలో పరిచయమైన ఒక పెద్దమనిషి, ఆదివారం మీ ఇంట్లో భోజనానికి ఎదురుచూస్తానన్నాడట. ఇతడు కంగారుపడి, మా మిత్రుని సోఫా మీద భోజనానికి ఎలా పిలవను అని ఆలోచించాడట. ఆ మాటకు తన ఇంటికే రమ్మని అర్థమని తరువాత తెలిసింది.

మేము చేసిన తప్పు ఇక చెప్పాలి. చెప్పకుండా దాటివేయాలని రెండు మూడుసార్లు అనిపించింది.

చీటీ చేతికి వచ్చి ఇరవై రోజులు దాటింది. ఒకనాడు బజారులో కిరాణా అంగడి ముందు ఒకాయన అన్నాడు, "మీ శిష్యుడు అమెరికా అమెరికా అన్నాడు, ఎక్కడో దోస్తుల రూములో పడి తింటున్నాడంట కదా." మేము జవాబు చెప్పకుండా వచ్చేశాము గాని, ఆ మాట గుచ్చుకున్నది. ఆ రాత్రి పిల్లవాడు ఫోను చేసి సంతోషంగా ఏదో చెబుతుండగా మధ్యలో ఆపి, అతిథి మర్యాదల హదీసును గుర్తు చేశాము. అతిథికి ఒక పగలూ రాత్రీ ప్రత్యేక మర్యాద, మూడు రోజులు ఆతిథ్యం, ఆ పైన పెట్టేది సదఖా అన్న భావంగల ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. "మూడు రోజులు ఏనాడో అయిపోయినవి. ఇప్పుడు నీవు తింటున్నది సదఖా. సదఖా తినే వయసా నీది?" అన్నాము. అవే మాటలు. అటువైపు కొంతసేపు నిశ్శబ్దం. "సరే హజ్రత్" అన్నాడు.

మేము పట్టించినది హదీసే. నోటిని కదిలించినది మాత్రం కిరాణా అంగడి.

మూడవ నాటికి అతడు మిత్రులకు ఏదో సాకు చెప్పి, ఊరి చివర ఒక వృద్ధురాలి ఇంటి మీది గదిని నెల రోజులకు అద్దెకు తీసుకుని మారిపోయాడు. మిగిలిన డాలర్లలో చాలావరకు దానికే పోయాయి. నెల అద్దె కట్టి నెల ఉంటానని సంకల్పించినందున అతడు ఇప్పుడు ముఖీమ్. మిత్రుల ఇంట్లో ఉన్నన్నాళ్లు ప్రయాణికుడైనవాడు, ఎవరూ లేని గదికి పోయి స్థిరనివాసి అయ్యాడు. ఆ మాట తానే చెప్పాడు, "హజ్రత్, ఇక నాలుగు రకాతులు" అని. మేము మెచ్చుకున్నాము కూడా.

మార్చి నెలాఖరులో రంజాన్ వచ్చింది. రెండవ వారంలో ఫోను ఆగిపోయింది. ఒకరోజు, రెండు రోజులు. మేము ఇబాదతులో ఉన్నాడనుకున్నాము. అతడు జ్వరంతో పడి ఉన్నాడు. జ్వరంలోనూ ఉపవాసం విడువలేదని తరువాత తెలిసింది. వ్యాధిగ్రస్తునికి మినహాయింపు ఉన్నదని అతనికి తెలియక కాదు, నేర్పినవారము మేమే. ఫోను చేసి అడిగితే, గది సంగతి, డబ్బు సంగతి అన్నీ చెప్పవలసి వస్తుందని చేయలేదు. ఇంటి యజమానురాలు పులుసు కాచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, నుదుటి మీద చేయి వేసి చూసి పోయేదట. మూడవ రోజున ఆమెయే అతని ఫోనులో చివరిగా ఉన్న నంబరుకు చేసింది. బాల్యమిత్రుడు వచ్చి, మోసుకున్నట్లుగా తీసుకుపోయాడు. ఎందుకు వెళ్లిపోయావని ఎంత అడిగినా చెప్పలేదట. చివరకు మా పేరు చెప్పాడు.

మరునాటి ఉదయం మా మదరసా వాకిట్లో ఆ మిత్రుని తల్లి నిలబడి ఉన్నది. మాకన్న వయసులో పెద్దది. మేము అక్కా అని పిలుస్తాము. కూర్చోమన్నాము. కూర్చోలేదు.

"ఏం సాయిబూ, మా ఇంట్లో ఉండే పిల్లోణ్ని పొమ్మని సెప్పినావంట? కట్టంగా ఉండాదని మా వాడు నీకేమన్నా కాగితం రాసినాడా?"

మేము హదీసు సంగతి చెప్పబోయాము.

"మూడు దినాలంట! సిన్నప్పుడు వాళ్లిద్దరూ మా ఇంట్లో ఎన్ని దినాలు తిన్నారో, వాళ్లింట్లో ఎన్ని దినాలు తిన్నారో యా పొద్దన్నా లెక్క పెట్టినామా? మా వాడు యాళకు తినేటోడు కాదు. ఈ పిల్లోడు పోయినాకనే రోంత పప్పు, రోంత ఊరిబిండి వాని నోట్లోకి పోతాండాది. నువ్వు ఈణ్ని పొమ్మంటే మా వానికి కదా పస్తు పెట్టినావు!"

అంత మాట అని, తెచ్చిన చెనక్కాయల సంచిని అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టడానికి వచ్చేటప్పుడు కూడా వట్టి చేతులతో రాలేదు.

మా విద్యలో ఇల్లత్ అని ఒక మాట ఉన్నది. ఒక ఆజ్ఞకు వెనుక ఉన్న కారణం. కారణం ఎక్కడ ఉంటే ఆజ్ఞ అక్కడ వర్తిస్తుంది. అతిథి ఎక్కువ కాలం ఉండరాదనడానికి కారణం ఆ హదీసులోనే వెల్లడి అయి ఉన్నది: ఆతిథ్యమిచ్చేవాడు ఇరుకున పడరాదు, విసిగి పాపంలో పడరాదు. కనుక ఆ ఇంటివాడు ఇరుకున పడ్డాడా లేదా అన్నది మొదట తెలుసుకోవాలి. ముప్పై సంవత్సరాలుగా ఈ సూత్రం బోధిస్తున్న మేము, ఆ మిత్రునికి ఒక్క ఫోను చేసి అడగలేదు.

ఆ వారమే పై తరగతికి సీరత్ పాఠంలో హిజ్రత్ ఘట్టం చెప్పవలసి వచ్చింది. దైవప్రవక్త (సఅసం) మదీనా చేరి హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట దిగారు. మసీదు, గదులు కట్టేవరకు సుమారు ఏడు నెలలు ఆ ఇంటనే ఉన్నారు. ఒక రాత్రి మిద్దె మీద నీటికుండ పగిలితే, ఆ నీరు కింద ఉన్న ప్రవక్త (సఅసం) మీద ఎక్కడ కారుతుందోనని ఆ దంపతులు తమకున్న ఒక్క కంబళితోనే నేలంతా అద్దారు. కప్పుకోవడానికి మరొకటి లేదు. ఏటా చెప్పే పాఠమే. ఏడు నెలలు అన్న మాట దగ్గర మా గొంతు ఆగింది. పిల్లలు దగ్గు అనుకుని నీళ్లు తెచ్చారు.

సీరత్ వరకు పోనవసరమే లేదు. మా సొంత కథే ఉన్నది. 1987 నాటి కరవు తరువాతి వేసవి. వేలూరులోని బాఖియాతుస్సాలిహాత్‌లో చదువుతున్నాము. రంజాన్ సెలవులకు విద్యార్థులంతా ఇళ్లకు పోతారు. మేము కాట్పాడిలో రైలెక్కి, పాకాల మీదుగా మీటరు గేజి బండిలో ముదిగుబ్బ చేరాలి. టికెట్టు కొనకముందే మా నాన్నగారి కార్డు వచ్చింది. ఆయనకు చదువు రాదు. పక్కింటివారి చేత రాయించారు. ఈ యేడు రావద్దు, ఇక్కడ తినడానికి లేదు, ఎద్దులు అమ్మినాము. అంతే.

సహాధ్యాయి ఒకడు వాణియంబాడి వాడు. అతనికి తెలుగు చదవడం రాదు. కార్డులో ఏముందని అడిగితే, అంతా క్షేమమని రాశారు అన్నాము. అయినా తన ఇంటికి లాక్కుపోయాడు. తండ్రి తోళ్ల కర్మాగారంలో కూలి, ఇంట్లో ఆరుగురు. మూడు రోజులు వాళ్ల అమ్మగారు మాకు విడిగా పీట వేసి, కొత్త దిండు ఇచ్చి, తినేదాకా పక్కన కూర్చున్నారు. మాకు ముద్ద దిగేది కాదు. మూడు రోజుల మాట మాకూ తెలుసు కదా, అది అప్పుడప్పుడే చదువుకున్న పాఠం. నాల్గవ నాడు తెల్లవారుజామున ఎలా బయలుదేరాలా అని చాప మీద కూర్చుని ఉండగా, ఆమె వచ్చి మా ముందు రెండు బిందెలు పెట్టారు. "వీధి కొళాయికి నీళ్లు వచ్చాయి, పట్టుకురా. ఆలస్యమైతే వరుస పెరుగుతుంది" అని లోపలికి వెళ్లారు.

ఆ బిందెలు మోసిన మధ్యాహ్నం మేము కడుపునిండా తిన్నాము. యాభై రోజులకు పైగా ఆ ఇంట ఉన్నాము. నీళ్లు మావే, చిన్నపిల్లల పారాయణం మాదే. ఒకనాడు బిందె సొట్ట పోగొట్టినందుకు వాళ్ల పిల్లలతో సమంగా తిట్లు కూడా తిన్నాము. మర్యాద ఆగిపోయిన రోజు నుండే ఆ ఇల్లు మాకు ఇల్లయింది.

ఇది జ్ఞాపకం ఉంచుకుని కూడా, సదఖా తినే వయసా అని ఒక పిల్లవాణ్ణి అడిగాము.

ఫోను చేశాము. గురువు శిష్యుణ్ణి క్షమాపణ అడగడం మన వైపు అలవాటు లేని పని. రెండుసార్లు గొంతు సవరించుకుని, తప్పు మాది అన్నాము. అతడు "అయ్యో హజ్రత్" అని అడ్డుపడ్డాడు. బిందెల కథ చెప్పాము. ఆ తరువాత అతని మిత్రుని చేతికి ఫోను ఇమ్మన్నాము. ఆ అబ్బాయి చిన్నప్పుడు వీడి వెంట వచ్చి మా మదరసా గుమ్మంలో కూర్చునేవాడు. అలిఫ్, బే కొన్ని అతనికీ వచ్చు. "నీకు ఇరుకుగా ఉన్నదా బాబూ? నిజం చెప్పు" అని అడిగాము. మొదటే అడగవలసిన ప్రశ్న. "ఇరుకే హజ్రత్. సోఫా అడ్డం, స్నానాల గది ఒక్కటే. ఐనా వాడు లేని ఆ నెల రోజులూ ఇల్లు బాగలేదు" అన్నాడు. ఇరుకు లేదని మర్యాదకు అబద్ధం చెప్పనందుకు అతని మీద మాకు గౌరవం కలిగింది.

మిగిలిన రంజాన్ ఆ ఇంటనే గడిచింది. సహ్రీ వేళకు అలారం పెట్టుకుని లేచినవాడు ఆ మిత్రుడేనని వాళ్లమ్మ మా వీధిలో అందరికీ చెప్పింది. ఇంటి లెక్క, సంత, వంట మా శిష్యుడు చూసుకునేవాడు. నెల్లూరు యువకునికి కారం ఎక్కువైందని ఒకసారి పెద్ద తగవు కూడా జరిగిందట. ఏప్రిల్ 21న ఈద్. కొద్దిమంది అరబ్బులు, పాకిస్తానీలు, ఇస్లాం స్వీకరించిన ముగ్గురు నలుగురు మెక్సికో సోదరులు. ఒక చిన్న జమాఅతు. నమాజు నుండి తిరిగి వచ్చేటప్పుడు జ్వరంలో పులుసు పెట్టిన ఆ వృద్ధురాలి ఇంటికి సేమ్యా పాయసం తీసుకుపోయాడు. ఆమె మళ్లీ ఓహలా అన్నదట.

వీసా జూన్ నెలాఖరులో వచ్చింది. పది రోజులకని వెళ్లినవాడు నాలుగున్నర నెలలు ఉండి బయలుదేరాడు. ఉద్యోగం అప్పటికి ఊగిసలాడుతున్నది, అల్హమ్దులిల్లాహ్, పోలేదు. పొలం మీది అప్పు సగం తీరింది. అక్క ఇప్పుడు మా వాకిలి దాటేటప్పుడు ఆగి, "ఏం సాయిబూ, నీ మూడు దినాలు అయినాయా?" అని నవ్వి పోతుంది. మేము ఏమీ అనము.

మొన్న ఇషా తరువాత డాలస్ నుండి మా శిష్యుని ఫోను వచ్చింది. కర్నూలు వైపు కుర్రవాడొకడు ఉద్యోగం పోయి ఇతని గదికి చేరాడట.

"రెండో నెల హజ్రత్. పెట్టింది తింటాడు, తలెత్తడు. రాత్రి పడుకున్నాడా లేదా తెలియదు. ఏం చేయమంటారు?"

"గిన్నెలు తోమమని చెప్పు" అన్నాము.